పూల తీపి నిల్వలకు తూకమే ఆధారం: సీమ ఎండలో గుల్కంద్, మందార జెల్లీ

గులాబీ రేకులను చక్కెరలో ఊరబెట్టి చేసే గుల్కంద్ ఎలా పెట్టాలని ఎవరిని అడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. రేకులకు సమానంగా చక్కెర కలిపి, సీసాకెత్తి, నలభై రోజులు ఎండలో పెట్టమంటారు. అనంతపురంలో ఈ మాట పట్టుకుని మార్చి నెలాఖరులో పెట్టిన సీసా నలభై రోజులకు గట్టిపడి మాడిన బెల్లం వాసన వేస్తుంది. దసరాకు మిగిలిన పూలతో అక్టోబరులో పెట్టిన సీసాకు పది రోజులకే పైన తెల్లటి బూజు కడుతుంది. పాళ్ళు ఒకటే, పద్ధతి ఒకటే. తేడా అంతా సీసాలోంచి ఎంత నీరు బయటికి పోయిందన్న దగ్గరే ఉంది. రోజులను లెక్కపెట్టే అలవాటు మాని, వంటింటి త్రాసు మీద సీసాను తూచే అలవాటు చేసుకుంటే పూలతో చేసే తీపి నిల్వల్లో సగం నష్టాలు ఉండవు.

లెక్క కష్టమైనదేమీ కాదు. తాజా గులాబీ రేకుల బరువులో 80 నుంచి 85 శాతం నీరే. 250 గ్రాముల రేకులు తీసుకుంటే అందులో సుమారు 205 గ్రాములు నీరు, మిగతా 45 గ్రాములు పీచు, వగరు, రంగు వగైరా. దీనికి 250 గ్రాముల చక్కెర కలిపితే ఊరిన రసంలో చక్కెర వాటా 55 శాతం. ఆ చిక్కదనంలో ఈస్టు బాగానే బతుకుతుంది, సీసా పులుస్తుంది. నెలల తరబడి నిలవాలంటే రసంలో చక్కెర 70 శాతానికి చేరాలి. 250 గ్రాముల చక్కెరకు అప్పుడు ఉండాల్సిన నీరు 107 గ్రాములు మాత్రమే. అంటే దాదాపు 100 గ్రాముల నీరు ఎగిరిపోవాలి. మొదట 500 గ్రాములున్న సరుకు 400 గ్రాములకు దిగితే గుల్కంద్ తయారైనట్టే. పన్నెండు రోజులకు దిగుతుందా, నెలకు దిగుతుందా అన్నది ఆ ఏటి ఎండనూ గాలినీ బట్టి ఉంటుంది.

చక్కెర పెంచితే ఎండ మీద భారం తగ్గుతుంది. 250 గ్రాముల రేకులకు 375 గ్రాముల చక్కెర వేస్తే 625 గ్రాములతో మొదలై 580 దగ్గర ఆగితే చాలు. రెట్టింపు, అంటే 500 గ్రాములు వేస్తే నీరు ఎగరాల్సిన పనే లేదు, రసం మొదటి నుంచే 70 శాతం దాటి ఉంటుంది. కానీ అప్పుడు నోటికి తగిలేది చక్కెరే. పువ్వు వాసన వెనక్కి పోతుంది, అడుగున పలుకులు కరగకుండా మిగిలిపోతాయి. మబ్బులున్న నెలల్లో తప్పనిసరై చేస్తే రెట్టింపు పాళ్ళు మేలు. మంచి ఎండ చేతిలో ఉన్నప్పుడు సమపాళ్ళ గుల్కంద్‌కు సాటి లేదు.

ఈ పనికి రాయలసీమ గాలి ఎంతో అనువైనది. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. ఫిబ్రవరి చివరికి గాలి పొడిబారుతుంది, ఆకాశం తేటగా ఉంటుంది, పెరటి గులాబీ కూడా చలికాలపు జోరులోనే ఇంకా పూస్తుంటుంది. పూలూ ఎండా కలిసి దొరికే కాలం అదే. 70 శాతం చక్కెర పాకానికి ఒక గుణం ఉంది. చుట్టూ గాలిలో తేమ 80 శాతానికి బాగా తక్కువగా ఉంటే అది నీటిని వదులుతుంది, అంతకు మించితే తిరిగి పీల్చుకుంటుంది. కోస్తాలో పగలంతా ఎండి తగ్గిన బరువులో కొంత రాత్రి తేమకు మళ్ళీ చేరుతుంది. సీమలో వేసవి రాత్రుళ్ళలో కూడా ఆ బెడద తక్కువ. అయినా సాయంత్రం సీసాను లోపల పెట్టి మూత బిగించడమే మంచిది. చీమలు కూడా రాత్రిపూటే ఎక్కువ.

ఇక పూల సంగతి. గుల్కంద్‌కు పనికొచ్చేది పన్నీరు గులాబీ, నాటు గులాబీ అని పిలిచే లేత రంగు, పల్చని రేకుల రకం. వికసించిన పువ్వు పట్టుకుంటేనే రేకులు రాలిపోతాయి, దండకు నిలవదు, వాసన మాత్రం ఇల్లంతా పరుచుకుంటుంది. బొకేల కోసం పెంచే పొడవు కాడ గులాబీలకు రేకు మందం, వగరు ఎక్కువ, వాసన తక్కువ. వాటితో పెడితే ఎర్రటి తీపి తొక్కు వస్తుంది తప్ప గుల్కంద్ రాదు. ఒక్కో నాటు పువ్వు నుంచి రెండు మూడు గ్రాముల రేకులే వస్తాయి కాబట్టి 250 గ్రాములకు దాదాపు వంద పూలు కావాలి. రెండు మూడు చెట్లున్న ఇంట్లో అన్ని పూలు ఒక్కరోజులో దొరకవు. అలాంటప్పుడు ఏ రోజు రేకులను ఆ రోజే తూచి, సరిసమానమైన చక్కెరతో నలిపి, అదే సీసాలో చేర్చుకుంటూ పోవచ్చు. ఆఖరి వాయి వేసిన రోజు మొత్తం చక్కెర ఎంతయిందో చూసుకుని తూకం లెక్క మొదలుపెట్టాలి.

పూల మార్కెట్లో కిలోల లెక్కన దొరికే గులాబీలను తినడానికి వాడకూడదు. తామర పురుగులకు, ఎర్రనల్లికి, బూడిద తెగులుకు వాటి మీద మందులు కొడుతూనే ఉంటారు. మొక్క లోపలికి ఇంకే అంతర్వాహిక మందు రేకు లోపలే ఉంటుంది, ఎన్నిసార్లు కడిగినా పోదు. దండల కోసం పండించే రైతుకు మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలన్న అవసరమూ కనిపించదు, ఎవరూ తినరు కాబట్టి. తాజాగా కనిపించాలని చల్లిన నీళ్ళ బరువు అదనం. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కకు పూసే పూలు కూడా మొదటి రెండు మూడు నెలలు దేవుడి పటానికే.

పెరట్లో మందారం పక్కనే గన్నేరు ఉండని ఇల్లు సీమలో అరుదు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు రెండూ గుండెను ఆపేంత విషం. బిళ్ళ గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, దేవగన్నేరు కూడా నోట్లోకి రాకూడనివే. పిల్లలతో పూలు కోయిస్తే బుట్టను ఒక్కో పువ్వూ చూసి ఏరుకోవాలి, రేకులు విడదీశాక గుర్తుపట్టడం కష్టం. గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, రోజూ మందులు వాడేవారు పూల నిల్వలను వైద్యులతో మాట్లాడకుండా ఔషధంలా తినవద్దు.

గులాబీని తెల్లవారగానే, ఎండ తగలకముందే కోయాలి. ఎండెక్కేకొద్దీ వాసన నూనెలు ఆవిరై పువ్వు వాసన తగ్గుతుంది. తొడిమ, మధ్యలోని పసుపు కేసరాలు తీసేయాలి. పుప్పొడిలో ఈస్టు, సందుల్లో సన్నటి నల్ల పురుగులు ఉండేది అక్కడే. రేకు అడుగున తెల్లగా గట్టిగా ఉండే మొదలును గిల్లేస్తే వగరు చాలావరకు తగ్గుతుంది. ఓపిక ఉన్నవాళ్ళ గుల్కంద్ రుచిలో తెలిసేది ఈ గిల్లుడే.

కడగడానికి ముందు రేకులను తూచి ఆ అంకె రాసుకోవాలి. చల్లని నీళ్ళలో ఒక్క ముంచు ముంచి తీసి, నూలు బట్ట మీద నీడలో, ఫ్యాను గాలికి పరచాలి. కడిగిన రేకులు మళ్ళీ పాత బరువుకు వచ్చేదాకా ఆరాలి. 250 గ్రాముల రేకులు తడితో 310 అయ్యాయనుకుందాం. ఆ 60 గ్రాములు ఆరనివ్వకుండా చక్కెరలో కలిపితే ఎండ లాగాల్సిన నీరు 100 నుంచి 160 గ్రాములకు పెరుగుతుంది, పులుపు పట్టేది ఆ అదనపు రోజుల్లోనే. కొంచెం వాడి 230కి దిగినా నష్టం లేదు. పెళుసుగా ఎండితే మాత్రం వాసన పోయినట్టే.

రేకులు ఒక వరుస, చక్కెర ఒక వరుస పేర్చే పద్ధతి చూడ్డానికి అందంగా ఉంటుంది, చెడిపోయేవీ అవే ఎక్కువ. పైవరుస రేకులకు రసం అందడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, ఈలోగా వాటి మీద బూజు మొలుస్తుంది. వెడల్పాటి స్టీలు తాంబాళంలో రేకులు, చక్కెర వేసి అరచేత్తో నలిపితే పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది. మొదట చక్కెర పలుకులు రేకులకు గుచ్చుకుంటూ గరగరమంటాయి, తర్వాత రేకు కుంగి, ముదురు రంగుకు తిరిగి, వేళ్ళ సందుల్లోంచి గులాబీ రంగు పాకం జారుతుంది. రేకుల రాశి కూడా మొదటి దానిలో నాలుగో వంతుకు దిగుతుంది. చక్కెరకు బదులు దంచిన కలకండ కూడా వాడవచ్చు, రెండూ ఒకే పదార్థం కాబట్టి పాళ్ళు మారవు. బెల్లం సంగతి వేరు. దానిలోనే కొంత నీరు ఉంటుంది, గాలిలోని తేమను పీలుస్తుంది, దాని వాసన గులాబీని మింగేస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళు బెల్లం జోలికి పోకపోవడం మంచిది. ఇనుము, ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు. రేకుల్లోని వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది.

నలిపిన సరుకులో ఒక చిన్న చెంచా నిమ్మరసం కలపాలి. దానివల్ల రంగు ఎర్రగా నిలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, పులుపూ వేడీ కలిసి చక్కెరలో కొంత భాగాన్ని విడగొడతాయి. అలా విడిన చక్కెర గడ్డకట్టదు, నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. నెల తర్వాత సీసా అడుగున కలకండలా పలుకులు కట్టే గుల్కంద్‌లో లోపించేది ఇదే. అప్పటికే కట్టి ఉంటే సీసాను వేడినీళ్ళ గిన్నెలో అరగంట ఉంచి, అర చెంచా నిమ్మరసం కలిపి తిప్పితే చాలావరకు కరుగుతాయి.

సీసా పెద్దదిగా, నోరు వెడల్పుగా ఉండాలి. సగానికి మించి నింపకూడదు. ఖాళీ సీసా బరువు, సరుకు వేశాక బరువు, చేరాల్సిన బరువు మూడూ ఒక కాగితం ముక్క మీద రాసి సీసాకు అంటించాలి. ఇక్కడే ఎక్కువమంది చేసే పొరపాటు ఉంది. మూత గట్టిగా బిగించి ఎండలో పెడతారు. లోపల నీరు ఆవిరై పైకి లేస్తుంది, పోయే దారి లేక మూత అడుగున చెమటలా పట్టి, సాయంత్రం చల్లబడగానే చుక్కలుగా మళ్ళీ పైపొర మీదే పడుతుంది. అడుగున పాకం చిక్కగా ఉన్నా పైన అంగుళం మందాన పలుచబడుతుంది, బూజు సరిగ్గా అక్కడే కడుతుంది. నలభై రోజులు ఎండబెట్టినా త్రాసు మీద ఒక్క గ్రాము తగ్గదు. మూతకు బదులు రెండు మడతల పల్చని నూలు బట్ట కట్టి, దుమ్ము, చీమలు రాకుండా సీసాను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టాలి. రోజుకు ఒకసారి పొడి చెంచాతో అడుగు నుంచి పైకి కలపాలి.

బట్ట కడితే వాసన పోదా అన్న అనుమానం న్యాయమైనదే. కొంత పోతుంది. కానీ గులాబీ రేకుల్లో ముఖ్యమైన వాసన పదార్థాల్లో ఒకటి నీటిలో కరిగి ఉండే రకం, అంత సులువుగా ఎగరదు. బాగా ఎగిరిపోయేవి తేలిక నూనెలు. అందుకే అనుకున్న బరువుకు దిగిన రోజే బట్ట తీసి మూత బిగించాలి, ఒక్కరోజు ఎక్కువ ఎండ తగిలినా ఆ వాసనే నష్టం. ఆ తర్వాత నీడలో, గూట్లో రెండు మూడు వారాలు మాగనివ్వాలి. రేకు పూర్తిగా మెత్తబడి వగరు తగ్గేది ఈ మాగుడులోనే. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో సీసాను ఉదయం పదకొండుకల్లా నీడలోకి మార్చాలి. అంతకు మించితే రంగు గోధుమకు తిరిగి పాకం మాడు వాసన పడుతుంది.

సీసా అంచున సన్నటి బుడగలు, మూత తీస్తే కల్లు వాసన కనిపిస్తే పులియడం మొదలైనట్టు. అది తొలి దశ అయితే మొత్తాన్ని స్టీలు గిన్నెలోకి తీసి, మొదట వేసిన చక్కెరలో ఐదో వంతు అదనంగా కలిపి, మరిగే నీళ్ళ మీద ఆ గిన్నెను పెట్టి 85 డిగ్రీలకు తెచ్చి, కొత్త సీసాకు మార్చవచ్చు. బూజు కడితే మాత్రం పైపొర తీసేసి కింద తినడం ప్రమాదం. పైకి కనిపించేది కొంతే, దాని వేళ్ళూ విషాలూ పాకంలోకి దిగి ఉంటాయి. మొత్తం పారేయాలి.

మందారానికి ఈ ఎండ పద్ధతి నప్పదు. దాని రేకులో వాసన లేదు, జిగురు ఉంది, ఎండలో నల్లబడుతుంది. మందారం ఇచ్చేది రంగు, ఆ రంగు జెల్లీలో బాగా నిలుస్తుంది. జెల్లీ గడ్డకట్టాలంటే పెక్టిన్ (పండ్లలో ఉండే, రసాన్ని గడ్డకట్టించే పదార్థం), పులుపు, 65 శాతం చక్కెర మూడూ కావాలి. మందారంలో పెక్టిన్ లేనట్టే. బయట డబ్బా కొననక్కర్లేదు, అనంతపురం, కడప జిల్లాల్లో చీనీకి, అంటే బత్తాయికి కొదవ లేదు. చీనీ తొక్కకూ తొనలకూ మధ్య ఉండే తెల్లటి దూదిలాంటి పొరలో పెక్టిన్ నిండా ఉంటుంది, రసం తీసే బండ్ల దగ్గర రోజూ బుట్టల కొద్దీ పారేసేది అదే.

వంద గ్రాముల తెల్ల పొరను సన్నగా తరిగి, ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి, చేదు దానితో పోతుంది. మళ్ళీ 600 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక నిమ్మకాయ రసం పోసి సన్నని సెగ మీద 45 నిమిషాలు ఉడికిస్తే సగానికి, 300 మిల్లీలీటర్లకు వస్తుంది. వడకట్టి పరీక్ష చేయాలి. చల్లారిన కషాయం ఒక చెంచా, సర్జికల్ స్పిరిట్ రెండు చెంచాలు చిన్న గ్లాసులో కలిపి నిమిషం ఆగితే, పెక్టిన్ బాగా ఉన్నప్పుడు ఒకే ముద్దగా గడ్డకడుతుంది. ముక్కముక్కలుగా విడిపోతే ఇంకా మరిగించాలి. పరీక్ష చేసింది విషం, వెంటనే పారబోయాలి.

రేక మందారాలు ఎర్రవి యాభై తీసుకుని, తొడిమ, మధ్య కాడ తీసేసి, రేకులను 350 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళలో వేసి పొయ్యి కట్టేయాలి. పదిహేను నిమిషాల్లో రేకులు పాలిపోతాయి. నీళ్ళు మురికి ఊదా రంగులో ఉండి నిరాశ కలిగిస్తాయి, కానీ నిమ్మరసం నాలుగు చుక్కలు పడగానే గ్లాసు అంచు నుంచి మధ్యకు ఎర్రగా తిరుగుతాయి. బోరు నీళ్ళు వాడితే ఈ రంగు సరిగ్గా రాదు. సీమ బోరు నీళ్ళలో ఉప్పులు, క్షార గుణం ఎక్కువ, పైగా అనంతపురం జిల్లాలో చాలాచోట్ల ఫ్లోరైడ్ సమస్య ఉంది. మరిగించి చిక్కబరిచే పనికి శుద్ధి చేసిన నీరే తీసుకోవాలి. వడకట్టేటప్పుడు బట్టను పిండకూడదు, జిగురంతా దిగి జెల్లీ సాగుతుంది.

మందార నీళ్ళు 300, చీనీ కషాయం 300 మిల్లీలీటర్లు, చక్కెర 500 గ్రాములు, నిమ్మరసం 40 మిల్లీలీటర్లు, మొత్తం సుమారు 1,140 గ్రాములు. ఇది 770 దగ్గరికి రావాలి. వెడల్పాటి గిన్నెలో పెద్ద మంట మీద పావుగంట, ఇరవై నిమిషాల పని. సన్నని మంట మీద గంటసేపు కాస్తే పెక్టిన్ విరిగిపోయి జెల్లీ కాకుండా షర్బత్ మిగులుతుంది. నిమ్మరసంలో సగం మొదట, సగం దించే ముందు పోయాలి. థర్మామీటరు ఉంటే, పుస్తకాల్లో రాసే 105 డిగ్రీలు సముద్రమట్టం లెక్క. అనంతపురం సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీరు 99 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి 104కు దించేయాలి. లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టిన పళ్ళెం మీద చుక్క వేసి, చల్లారాక వేలితో నెడితే ముడతపడాలి. మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచి తీసిన సీసాల్లో వేడివేడిగా పోసి మూత పెట్టాలి.

పుండికూర (గోంగూర) జాతిలో ఎర్రటి కండగల తొడుగులు కాసే రకం ఉంటే ఇంత తంటా అక్కర్లేదు, పులుపు, రంగు, పెక్టిన్ మూడూ దానిలోనే ఉన్నాయి. కూర కోసం వేసే మామూలు రకాలకు తొడుగు పల్చగా, పీచుగా, నూగుతో ఉంటుంది, దానితో జామ్ రాదు. చలికాలంలో కాయ ముదరకముందే కోసి, గింజల కాయ తీసేసిన తొడుగులు 500 గ్రాములకు 750 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి, 500 గ్రాముల చక్కెరతో దగ్గరపడనివ్వాలి.

మల్లె తీరు గులాబీకి పూర్తిగా వ్యతిరేకం. ఉడికిస్తే వాసన పోతుంది, నలిపితే చేదెక్కుతుంది. కానీ కోసిన తర్వాత కూడా మొగ్గ విచ్చుకుంటూ రాత్రంతా వాసన వదులుతూనే ఉంటుంది. సాయంత్రం కోసిన మొగ్గలను పల్చని బట్టలో మూటకట్టి, మూత బిగిసే డబ్బాలో పొడి చక్కెర మీద ఉంచి, తెల్లారగానే వాడిన పూలు తీసేయాలి. నాలుగైదు రాత్రులు కొత్త మొగ్గలు మారుస్తూ పోతే చక్కెర మల్లె వాసన పడుతుంది. పూల తేమకు చక్కెర కాస్త చెమ్మగిల్లితే పళ్ళెంలో పరిచి నీడలో ఆరబెట్టుకోవాలి. ఈ చక్కెరను పాలలో, పాయసంలో పొయ్యి మీద నుంచి దించాకే కలపాలి.

అన్నిటికీ చెంచా పొడిగా ఉండాలి. గుల్కంద్ సీసాను రోజూ తెరిచే ఇంట్లో వంద గ్రాములు పట్టే చిన్న సీసాలోకి వారానికి సరిపడా తీసుకుని, పెద్ద సీసాను కదపకుండా చీకటి గూట్లో ఉంచుకోవాలి. వానాకాలం మొదలయ్యే ముందు దాన్ని ఒకసారి తూచి చూడాలి. కాగితం మీద రాసిన బరువుకన్నా పెరిగి ఉంటే అది తేమ పీల్చినట్టే. మళ్ళీ బట్ట కట్టి రెండు మూడు రోజులు ఎండ చూపించి, ఆ బరువుకు దిగాక మూత వేయాలి.